ఫుల్ మారథాన్‌కి లాంగ్ రన్: ఎంత దూరం, ఎంత నెమ్మదిగా, ఏం తిని

హాఫ్ మారథాన్లు రెండు మూడు చేసి, ఈసారి ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఫుల్‌కి పేరిచ్చేద్దాం అనుకుంటున్న వాళ్ళ కోసం ఇది. వారం మధ్యలో ఒక రన్ తప్పిపోయినా, స్పీడ్ వర్కవుట్ ఒకటి ఎగిరిపోయినా, జిమ్‌కి వెళ్ళడం కుదరకపోయినా పెద్దగా ఏం కాదు, కానీ ఆదివారం లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికంటే ఎక్కువ దూరం నెమ్మదిగా పరిగెత్తేది, వరసగా తప్పిస్తూ పోతే 42.195 కిలోమీటర్ల రోజున దానికి బదులుగా పెట్టుకోడానికి ఇంకేదీ ఉండదు. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కింద రాసేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది: నేను చూసినంతలో మనవాళ్ళలో లాంగ్ రన్ మానేసేవాళ్ళ కంటే దాన్ని స్పీడుగా పరిగెత్తి పాడు చేసుకునేవాళ్ళే ఎక్కువ.

ముందు లెక్క చూద్దాం. పరిగెత్తేటప్పుడు కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి అనుకుంటే కిలోమీటరుకి 70, ఫుల్ మొత్తానికి 2,950 దాకా అవుతుంది. మనం తిన్న అన్నం, ఇడ్లీ, అరటిపండు అన్నీ చివరికి గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో, లివర్‌లో చేరతాయి కదా, ఆ నిల్వ మాత్రం సుమారు 2,000 క్యాలరీల దగ్గరే ఆగిపోతుంది. మిగతాది కొవ్వు నుంచి రావాలి. కొవ్వుకి లోటేం లేదు, బక్కపల్చగా ఉన్నవాళ్ళ ఒంట్లో కూడా రోజుల తరబడి పరిగెత్తేంత ఉంటుంది, కాకపోతే అది నెమ్మదిగా కరుగుతుంది, స్పీడు పెరిగేకొద్దీ శరీరం దాన్ని వదిలేసి గ్లైకోజెన్ మీద పడుతుంది. 30 కిలోమీటర్లు దాటాక కాళ్ళు ఒక్కసారిగా బరువెక్కిపోయి, తల ఖాళీ అయిపోయి, పక్కనోళ్ళు ‘కమాన్ కమాన్’ అంటున్నా నడక తప్ప ఏమీ రాని పరిస్థితి, రన్నర్లు ‘వాల్’ అనేది, ఆ నిల్వ అయిపోయినప్పుడు వచ్చేదే. హాఫ్‌లో 21 దగ్గరే ఆట ముగుస్తుంది కాబట్టి అది చాలామందికి తెలియదు, అందుకే హాఫ్ టైమ్‌ని రెండుతో గుణించి ఫుల్ టైమ్ వేసుకుంటారు, అది జరిగే పని కాదు.

లాంగ్ రన్ చేసేది ఈ లెక్కని మార్చడం. గంటన్నర, రెండు గంటలు దాటి నెమ్మదిగా కదులుతూ ఉంటే కండరాల్లో మైటోకాండ్రియా (కణాల్లో శక్తి తయారుచేసే భాగాలు) పెరుగుతాయి, సన్నటి రక్తనాళాలు కొత్తగా వేస్తాయి, కొవ్వు వాడుకోవడం శరీరానికి అలవాటవుతుంది, గ్లైకోజెన్ దాచుకునే చోటు కూడా పెరుగుతుంది. ఇంకోటి, మామూలు రన్‌లో పనంతా స్లో ట్విచ్ ఫైబర్లే (నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసే కండర పోగులు) చేస్తాయి, అవి అలిసిపోయాక అప్పటిదాకా ఊరికే కూర్చున్న ఫైబర్లని శరీరం పనిలోకి దింపుతుంది, అవి కూడా ఓపిక నేర్చుకునేది ఆ చివరి గంటలోనే. అయితే ఊపిరి రెండు మూడు నెలల్లో బాగైపోతుంది గానీ ఎముకలు, టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళు) అంత తొందరగా గట్టిపడవు, వాటికి అంతకంటే ఎక్కువ నెలలు పడుతుంది. అందుకే ‘నాకు ఊపిరి బానే ఉంది, ఈ ఆదివారం పది కిలోమీటర్లు ఎక్కువ లాగేద్దాం’ అనుకున్నవాళ్ళ పిక్క ఎముక ముందు నొప్పి మొదలవుతుంది, లేదంటే మడమ పట్టేస్తుంది.

దీన్ని ప్రపంచానికి గట్టిగా చూపించింది న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్. ఆక్లండ్ పక్కన కొండల్లో ఆదివారం ఆదివారం 22 మైళ్ళు, అంటే 35 కిలోమీటర్ల పైన, తన దగ్గరున్న అందరితో పరిగెత్తించేవాడు, అందులో 800 మీటర్లు పరిగెత్తే పీటర్ స్నెల్ కూడా ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్‌కి 800లో, ముర్రే హాల్బర్గ్‌కి 5,000లో ఒకే రోజు గోల్డ్ వచ్చింది, మారథాన్‌లో బ్యారీ మగీకి బ్రాంజ్. రెండు నిమిషాల్లోపు అయిపోయే రేసు కోసం ఒకతను అంత దూరం పరిగెత్తాడంటే మరి నాలుగైదు గంటలు రోడ్డు మీద ఉండబోయే మనకి అది ఎంత అవసరమో ఆలోచించండి.

నెమ్మదిగా అంటే ఎంత నెమ్మదిగా?

మీ రేస్ పేస్ (రేసులో ఒక్కో కిలోమీటరుకి పట్టే నిమిషాలు, సెకన్లు) కంటే కిలోమీటరుకి పది నుంచి ఇరవై శాతం నెమ్మదిగా. నాలుగు గంటల్లో ఫుల్ పూర్తి చేయాలనుకునేవాళ్ళ రేస్ పేస్ 5:41, వాళ్ళ లాంగ్ రన్ 6:15 నుంచి 6:50 మధ్య ఉండాలి. నాలుగున్నర అయితే రేస్ పేస్ 6:24, లాంగ్ రన్ ఏడు నుంచి ఏడు నలభై. ఐదు గంటలు అనుకుంటే రేస్ పేస్ 7:06, లాంగ్ రన్ ఎనిమిది దగ్గర. ఇదంతా చల్లటి పొద్దున్న మాట, ఎండలో, ఉక్కలో ఇంకా తగ్గించాలి. వాచ్ లేకపోయినా ఫర్వాలేదు, పక్కనోడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, అంతే టెస్ట్. రెండు మాటలకి ఒకసారి ఆగి గాలి పీల్చుకుంటున్నారంటే స్పీడు ఎక్కువైంది. ఒంటరిగా పరిగెత్తేవాళ్ళు నోరు మూసుకుని ముక్కుతో ఒక రెండు నిమిషాలు ఊపిరి తీసుకోగలుగుతున్నారేమో చూసుకోండి.

ఇది చెప్పడం తేలికే, చెయ్యడం కష్టం, ఎందుకు కష్టమో కూడా తెలుసు. మొదటి పది కిలోమీటర్లు ఆ పేస్‌లో అసలు పరిగెత్తినట్టే అనిపించదు, గ్రూప్‌లో ఎవరో ఒకరు ముందుకు వెళ్ళిపోతారు, రన్ అయ్యాక స్ట్రావా అనే రన్నర్ల యాప్‌లో పెడితే ‘ఏంటి ఇంత స్లో’ అంటారేమో అనుకుంటారు. మెల్లగా వెళ్ళండి దయచేసి. స్పీడుగా చేసిన లాంగ్ రన్ నుంచి కోలుకోడానికి వారం పడుతుంది, ఆ వారంలో చేయాల్సిన రన్లన్నీ సగం సగం అవుతాయి, మళ్ళీ ఆదివారం వచ్చేసరికి కాళ్ళు ఇంకా తేరుకోవు, అలా ఆరు వారాలు చేస్తే ఫిట్‌నెస్ పెరగదు సరికదా గాయం ఖాయం. అవసరమైతే రన్-వాక్ చెయ్యండి, తొమ్మిది నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మొదటి కిలోమీటరు నుంచే. అందులో చిన్నతనం ఏమీ లేదు, అలిసిపోయాక నడవడం వేరు, ప్లాన్ ప్రకారం ముందు నుంచీ నడవడం వేరు.

దూరం ఎలా పెంచాలి

హాఫ్ చేసేసిన వాళ్ళు మే మధ్యలో మొదలుపెడితే ఆగస్టు చివరికి పదహారు ఆదివారాలు వస్తాయి. ఇలా వేసుకోవచ్చు: 16, 18, 20 వెళ్ళి నాలుగో వారం 15కి దిగండి. తర్వాత 22, 24, మళ్ళీ 18. తర్వాత 26, 28, మళ్ళీ 20. ఆ తర్వాత 30, 24, 32. అక్కడి నుంచి దిగడమే, 22, ఆ తర్వాత 13, ఆ తర్వాత రేసు. మధ్య మధ్యలో తగ్గించిన వారాలు ‘వేస్ట్’ అనుకుని ఎగరగొట్టకండి, పెరిగిన బరువుకి కాళ్ళు అలవాటు పడేది ఆ వారాల్లోనే.

ఇప్పుడు 32 అందరికీ కావాలా అంటే, కాదు. కిలోమీటరుకి ఆరున్నర నిమిషాల చొప్పున వెళ్ళేవాళ్ళకి 32 అంటే మూడు గంటల 28 నిమిషాలు. ఎనిమిది నిమిషాల చొప్పున వెళ్ళేవాళ్ళకి అదే మూడు గంటల 28 నిమిషాల్లో 26 అవుతుంది, శరీరానికి పడే పని మాత్రం దాదాపు అంతే. వాళ్ళు కూడా 32 కొట్టాల్సిందే అని పట్టుబడితే నాలుగుంబావు గంటలు రోడ్డు మీద ఉండాలి, అప్పటికి నడక తీరు మారిపోయి మోకాళ్ళ మీద, నడుము మీద పడుతుంది. అందుకని నా మాట, మూడున్నర గంటలు దాటొద్దు, అప్పటికి ఎంత దూరం అయితే అంతే. అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ అయితే రెండున్నర గంటలు దాటొద్దనేవాడు, హాన్సన్స్ అనే అమెరికన్ ట్రైనింగ్ పద్ధతిలో 26 దగ్గరే ఆపేస్తారు, ఇంకోపక్క మారథాన్ చాంపియన్ కిప్చోగే లాంటి వాళ్ళు కెన్యాలో మట్టి రోడ్ల మీద గురువారం గురువారం 30, 40 మార్చి మార్చి కొడతారు. కాకపోతే ఆ 40 కూడా ఆయనకి రెండున్నర గంటల లోపే అయిపోతుంది. మన మొదటి ఫుల్‌కి మూడున్నర గంటల హద్దు సరిపోతుంది.

ఒక షరతు ఉంది. ఆదివారం 28 కొట్టి మిగతా వారమంతా కలిపి పది కిలోమీటర్లు చేస్తే అది ప్రమాదమే, ఐటీ జాబుల్లో ఉన్నవాళ్ళు ఎక్కువగా చేసేది ఇదే. వారం మొత్తంలో లాంగ్ రన్ సగానికి మరీ మించకూడదు, మూడో వంతు అయితే ఇంకా మంచిది. మంగళ, బుధ, శుక్రవారాల్లో ఎనిమిదేసి, పదేసి ఈజీగా వేసుకోండి, రోజుకి గంట చాలు.

ఎండ, నీళ్ళు, ఉప్పు

మన దగ్గర అసలు పరీక్ష ఇదే. ఆగస్టు రేసు కోసం మే నెలలో మొదలుపెట్టాలి, రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న రోజుల్లోనే మన 16, 18, 20 పడతాయి. ఆరింటికి లేచి ఏడింటికి షూస్ వేసుకుంటే అవదు. మే, జూన్‌లో నాలుగింటికల్లా రోడ్డు మీద ఉండాలి, ఏడున్నరకల్లా నీడలోకి వచ్చెయ్యాలి. జూలై, ఆగస్టుల్లో ఎండ తగ్గుతుంది గానీ ఉక్క పెరుగుతుంది, చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, అందుకే అదే పేస్‌లో వెళ్తున్నా గుండె స్పీడు మెల్లగా పెరుగుతూ పోతుంది. అలాంటి రోజు పేస్ చూడటం మానేసి ఊపిరిని బట్టి పరిగెత్తండి, కిలోమీటరుకి అరనిమిషం ఎక్కువ పట్టినా పట్టించుకోవద్దు. విశాఖ వాళ్ళకి బీచ్ రోడ్డులో ఈ ఉక్క ఏడాదంతా ఉంటుంది, వాళ్ళు ఇది బాగా ఎరుగుదురు.

నీళ్ళు ఎన్ని తాగాలో ఎవరికి వాళ్ళే కొలుచుకోవాలి. రన్‌కి ముందు, తర్వాత బట్టలు లేకుండా బరువు చూసుకోండి. మధ్యలో అర లీటరు తాగి కూడా కిలో తగ్గారంటే లీటరున్నర చెమట పోయినట్టు, దాన్ని గంటలతో భాగిస్తే మీ లెక్క వచ్చేస్తుంది. మొత్తం బరువులో రెండు శాతం దాకా తగ్గితే కంగారు పడక్కర్లేదు, మూడు దాటితే ఈసారి ఇంకాస్త తాగాలి. బరువు పెరిగితే మాత్రం అది మరీ ముఖ్యమైన హెచ్చరిక, ఉత్త నీళ్ళు అదే పనిగా తాగేశారు, రక్తంలో సోడియం పడిపోతుంది, వేళ్ళు ఉబ్బడం, తలనొప్పి, వాంతులు, మాట తడబడటం దాని గుర్తులు, అది ప్రాణం మీదకి కూడా వస్తుంది. రన్ అయ్యాక క్యాప్ అంచు మీద తెల్లగా ఉప్పు చార కడుతోందంటే మీ చెమటలో ఉప్పు ఎక్కువ పోతోందని, అలాంటి వాళ్ళు ఉత్త నీళ్ళ మీద ఆధారపడకుండా ఓఆర్‌ఎస్ కలుపుకోండి. ప్యాకెట్ మీద ఎంత నీళ్ళలో అని ఉందో అంతలోనే కలపాలి, చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఆ ఫార్ములా లేని తియ్యటి డ్రింకులకి ఓఆర్‌ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆర్డర్ ఇచ్చింది, దాని వెనక హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం ఉంది, మన రన్నర్లు కూడా ఆవిడకి రుణపడి ఉండాలి.

తిండికి రిహార్సల్

గంటన్నర దాటే ప్రతి రన్‌లో తినాలి. గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బ్స్ (పిండి పదార్థాలు, చక్కెరలు), ఒక జెల్‌లో (రన్నర్లు మింగే తియ్యటి చిక్కటి పాకం ప్యాకెట్) 20 నుంచి 25 గ్రాములు ఉంటాయి, అరటిపండులో కూడా దాదాపు అంతే. ఖర్జూరాలు, చిన్న బెల్లం ముక్కలు కూడా పనికొస్తాయి, పల్లీ చిక్కీ మాత్రం పరిగెత్తుతూ నమలడం కష్టం, నూనె ఉంటుంది కాబట్టి అరగడం ఆలస్యం, అది రన్ అయ్యాక తినండి. ఆకలేశాక తింటే అప్పటికే లేట్, 40 నిమిషాలకి మొదటిది, అక్కడి నుంచి ప్రతి 40 నిమిషాలకి ఒకటి, వాచ్‌లో అలారం పెట్టుకోండి. జెల్‌ని చెమట చేతులతో చింపడం కూడా ప్రాక్టీస్ చేయాల్సిందే, చేతులు జారుతుంటే పంటితో చింపి, మూత ముక్క జేబులో పెట్టుకుని, రెండు గుటకల్లో మింగి, వెంటనే నీళ్ళు తాగాలి. జెల్ మీద ఎలక్ట్రోలైట్ డ్రింక్ తాగితే తీపి మీద తీపి అయ్యి కొంతమందికి కడుపు పట్టేస్తుంది.

ముందు రోజు రాత్రి అన్నం, పప్పు, పెరుగు, కారం మసాలా తక్కువ, అది కూడా ఎనిమిదింటికల్లా. పొద్దున్నే మూడింటికి రెండు ఇడ్లీలో, బ్రెడ్ జామో, అరటిపండో, ఒక కాఫీ. బాత్రూమ్ పని అయ్యాకే బయల్దేరాలి. ఏది పడుతుంది ఏది పడదు అన్నది ఒక్కొక్కరిదీ ఒక్కో ఒళ్ళు, అది తెలుసుకోడానికే ఇన్ని ఆదివారాలు ఉన్నాయి.

చివరి ఆరు కిలోమీటర్లు

28, 30, 32 చేసే రోజుల్లో చివరి భాగం మీద మనసు పెట్టండి. 25 దాటాక ఒంట్లో ఏం జరుగుతుందో గమనిస్తే తెలుస్తుంది, భుజాలు చెవుల దగ్గరికి ఎక్కుతాయి, పిడికిళ్ళు బిగుస్తాయి, నడుము కిందికి దిగి కూర్చున్నట్టు పరిగెత్తుతాం, అంతవరకూ వినపడని షూస్ చప్పుడు టప్ టప్ అని రోడ్డు మీద గట్టిగా వినపడటం మొదలవుతుంది. ఆ చప్పుడు విన్న వెంటనే భుజాలు ఒకసారి పైకి లేపి వదిలెయ్యండి, అరచేతులు విప్పండి, అడుగు చిన్నది చేసి అడుగుల వేగం కొంచెం పెంచండి. చప్పుడు తగ్గుతుంది, ఓ కిలోమీటరు తేలికవుతుంది, మళ్ళీ వస్తుంది, మళ్ళీ అదే చెయ్యండి. రేసులో 35 దగ్గర చేయాల్సింది ఇదే.

పెద్ద రన్లలో ఒకటి రెండింటిలో మాత్రం చివరి ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు రేస్ పేస్‌లో చేయొచ్చు, అది కూడా గాయాలేం లేకపోతేనే. హైదరాబాద్ రూట్‌లో ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు చాలా ఉంటాయి కాబట్టి నెక్లెస్ రోడ్డు చదును మీదే అన్ని రన్లూ చేసేస్తే సరిపోదు. హుస్సేన్ సాగర్ చుట్టూ ఒక రౌండ్ వేసి తర్వాత జూబ్లీహిల్స్ వైపు ఎక్కండి, కేబీఆర్ పార్క్ బయట లూప్ కూడా ఎక్కుడు దిగుడే, ఐదారు కిలోమీటర్లకి ఒకసారి మొదలుపెట్టిన చోటికే వస్తాం కాబట్టి నీళ్ళు, జెల్స్ కార్లో పెట్టుకోవచ్చు. ఎక్కేటప్పుడు ఊపిరి అందదు గానీ తొడలని నిజంగా దెబ్బ తీసేది దిగడం, అందుకే దిగుడు కూడా ప్రాక్టీస్ కావాలి.

పొద్దున్న నాలుగింటికి ఒక్కరే వెళ్ళొద్దు, ఆడవాళ్ళే కాదు ఎవరైనా సరే. రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకోండి, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా రోడ్డు కుడివైపు పరిగెత్తండి, ఇయర్‌ఫోన్స్ ఒక్క చెవిలోనే. కుక్కలు వెంటపడితే పరుగు ఆపేసి, వాటి వైపు తిరిగి, నడుస్తూ దాటండి. తొడల మధ్య, చంకల కింద, మగవాళ్ళైతే ఛాతీ మీద కూడా వ్యాసలీన్ రాయండి, వానాకాలం తడి బట్టలతో ఇది మర్చిపోతే స్నానం చేసేటప్పుడు తెలుస్తుంది.

ఎప్పుడు ఆపాలి

కండరాల నొప్పి రెండు వైపులా సమానంగా ఉండి రెండు రోజుల్లో పోతే అది మామూలే. ఒక్క కాలిలోనే, ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగేంత కచ్చితంగా నొప్పి ఉండి పరిగెత్తేకొద్దీ పెరుగుతుంటే అక్కడికక్కడే ఆపేసి ఆటో ఎక్కండి. పెయిన్ కిల్లర్ వేసుకుని లాంగ్ రన్ చేయడం మాత్రం అస్సలు వద్దు, ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు బ్రూఫెన్ లాంటివి కిడ్నీల మీద దెబ్బ వేస్తాయి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, చెమట ఆగిపోయి చలి పుట్టడం, వీటిలో ఏదొచ్చినా ‘ఇంకో రెండే కదా’ అనుకోవద్దు. నలభై దాటినవాళ్ళు, బీపీ షుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిన వాళ్ళు ప్లాన్ మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చూపించుకోండి.

జ్వరమో, పెళ్ళో, ఆఫీస్ రిలీజో అడ్డొచ్చి ఒక ఆదివారం పోతే పోనివ్వండి, తర్వాతి వారం ప్లాన్‌లో ఉన్నదే చెయ్యండి, రెండూ కలిపి చేయకండి. రెండు మూడు వారాలు పోతే చివరగా చేసిన దూరం కంటే కొంచెం తక్కువతో మళ్ళీ మొదలుపెట్టండి. రేసుకి నాలుగు వారాల ముందు చూసుకుంటే 24 కూడా దాటి ఉండకపోతే ఈసారికి హాఫ్‌కి మార్చుకుని డిసెంబర్‌లోనో, జనవరి ముంబైలోనో ఫుల్ చేయడం మంచిది, చలికాలంలో ట్రైనింగ్ కూడా హాయిగా సాగుతుంది.

చివరి పెద్ద రన్‌కి, రేసుకి మధ్య మూడు వారాలు ఉండాలి. ఆ మూడు వారాల్లో కొత్తగా వచ్చే ఫిట్‌నెస్ ఏమీ ఉండదు, కాళ్ళు తేరుకోవడమే పని, కాబట్టి భయంతో ఇంకో 30 పెట్టుకోవద్దు. రేసుకి ముందు ఆదివారం 13 మాత్రం రేసు రోజు టైమ్‌కే లేచి, రేసులో వేసుకోబోయే టీషర్ట్, షార్ట్స్, సాక్స్, షూస్ అన్నీ వేసుకుని, అదే టిఫిన్ తిని, అదే జెల్ తీసుకుని చెయ్యండి. షూస్ కొత్తవి కొనాలనుకుంటే ఇంకా ముందే కొని ఒక 50 కిలోమీటర్లైనా తిప్పి ఉండాలి. రేసు ముందు రాత్రి చాలామందికి నిద్ర పట్టదు, దానికి కంగారేం అక్కర్లేదు, లెక్కకొచ్చేది శుక్రవారం రాత్రి నిద్ర, ఆ రోజు తొమ్మిదింటికల్లా ఫోన్ పక్కన పడేసి పడుకోండి.